విశ్వవిద్యాలయ గ్రంథములను బ్రతి చేసికొనుటకు మేర

ఈ-పుస్తకములు విశ్వవిద్యాలయ గ్రంథాలయములలోఁ బ్రవేశించి యిప్పటికిఁ బాతికేండ్లు దాఁటినది. ఇంటనుండియే కంప్యూటరులో గ్రంథమును దెఱచి చదువుకొను విద్యార్థి యొక ప్రకరణమును గాగితముమీఁద ముద్రించుకొనఁబోవునప్పుడు, ఇంక నిన్ని పుటలు మాత్రమే ముద్రించుకొనవచ్చునను సూచన తఱచుగాఁ దెరమీఁదఁ గనఁబడును. ఒక గ్రంథమునకుఁ బుటల సంఖ్య. మఱియొక గ్రంథమునకు నూటి కిన్ని పాళ్లను లెక్క. వేఱొకదానికి ముద్రణమే నిషిద్ధము. ఒకే యరలో నున్నట్లు తోఁచు మూఁడు గ్రంథములకు మూఁడు కట్టుబాట్లు. ఈ లెక్కను గట్టినవా రెవరు, దేనినిబట్టి కట్టిరి, దీనిని సడలించు నధికార మెవరికిఁ గలదు అను ప్రశ్నలకు గ్రంథాలయమునం దుత్తరము దొరకుట యరుదు.

ప్రతి చేసికొనుటకు మేర యుండుట వింత గాదు. వ్రాఁతప్రతుల కాలమునను మేర గలదు. అచ్చుపుస్తకముల కాలమునను గలదు. అయితే యా మేరను నిర్ణయించువారు కాలక్రమమున మాఱుచు వచ్చిరి. తొలుత దానిని విశ్వవిద్యాలయమే నిర్ణయించెను. పిదప యంత్రములు వచ్చినపుడు న్యాయస్థానములు ప్రయోజనమును విచారించి నిర్ణయించెను. ఈ-పుస్తకముల విషయమున విక్రేత తానొక్కఁడే నిర్ణయించుచున్నాఁడు. ఈ మార్పు పండితుల దృష్టికి రావలసినంతగా వచ్చినట్లు లేదు.

పదుమూఁడవ శతాబ్దమునఁ బారిస్, బొలోన్యా, ఆక్స్‌ఫర్డు విద్యాపీఠములలోఁ జదువుకొను వారికిఁ బాఠ్యగ్రంథములు సులభముగా దొరకెడివి కావు. గ్రంథమనఁగాఁ దోలుపత్రములపై నెలలకొలఁది వ్రాయవలసిన వస్తువు. ఒక మాతృకను ముందుంచుకొని లేఖకుఁ డొక్కఁడు వ్రాయుచుండఁగాఁ దక్కినవారందఱు నా మాతృక యెప్పుడు ఖాళీ యగునా యని వేచియుండవలసివచ్చెడిది. ఈ చిక్కును దీర్చుటకు నాఁటి విద్యాపీఠములు మిక్కిలి తెలివైన యేర్పాటు నొకదానిని గావించుకొనెను. విశ్వవిద్యాలయముచేఁ బ్రమాణము చేయింపఁబడిన పుస్తకవర్తకుఁడు ప్రతి పాఠ్యగ్రంథమునకు నొక మాతృకను సిద్ధపఱచి, దానిని గుట్టింపక విడివిడి భాగములుగా నుంచును. ఒక్కొక్క భాగమునకు లాటిను భాషలోఁ 'బెకియా' యని పేరు. ముక్క యని దాని యర్థము. సామాన్యముగా నది నాలుగు పత్రములు, అనఁగా నెనిమిది పుటలు గలది. విద్యార్థి యొక ముక్కను నియతమైన యద్దెకుఁ గొనిపోయి, తాను గాని కూలికిఁ బెట్టుకొన్న లేఖకుఁడు గాని వ్రాసికొని, దానిని దిరిగి యిచ్చి తరువాతి ముక్కను గొనును. ఒకఁడు మొదటి ముక్కను వ్రాయుచుండఁగా నింకొకఁ డైదవ ముక్కను, మఱియొకఁడు పదియవ ముక్కను వ్రాయుచుండవచ్చును. ఒక మాతృకనుండి పలువు రేకకాలమున బ్రతు లెత్తుకొనుట కీ విధముగా వీలుగలిగెను. ఆ వర్తకునకు లాటినులోఁ గల నామమునుండియే నేఁడు మన బజారులలో వినఁబడు 'స్టేషనరీ' యను శబ్దము పుట్టినది.

ఈ యేర్పాటులో గమనింపఁదగిన సంగతి ముక్కల సౌకర్యము మాత్రమే కాదు. అద్దె యెంతయో వర్తకుఁడు తన యిష్టమువచ్చినట్లు నిర్ణయింపరాదు. పారిస్ విద్యాపీఠము 1275లో వర్తకులచేఁ బ్రమాణములు చేయించు శాసనమును బుట్టించెను. 1304 నాఁటి యద్దెల పట్టిక నేఁటికిని నిలిచియున్నది. అందు థామస్ అక్వినాస్ మొదలగువారి గ్రంథముల ముక్కల సంఖ్యయు, వాని యద్దెయుఁ గలవు. బొలోన్యాలో మాతృకలయందుఁ దప్పులున్నవేమో పరీక్షించుటకుఁ బ్రత్యేకాధికారులు నియమింపఁబడిరి. తప్పుల మాతృక నద్దె కిచ్చినవానికి దండనము గలదు. 1323 నాఁటి పారిస్ నిబంధనలయందు మఱింత విశేషమున్నది. తగిన కుదువ యుంచి, విద్యాపీఠము నిర్ణయించిన వెలను జెల్లించు నెవరికైనను వర్తకుఁడు మాతృకను నిరాకరింపరాదు. అడిగినవాఁడు దానినుండి మఱియొక మాతృకనే సిద్ధము చేసికొని తనకుఁ బోటీగా నిలువఁదలఁచినను నిరాకరింపరాదు! వర్తకుని లాభమును విద్యాపీఠము కాదనలేదు. ఆ లాభమునకుఁ బైన విద్యార్థి యవసరమును నిలిపినది.

లేఖకులు తాము వ్రాయుచున్న ముక్క సంఖ్యను బ్రతియంచున గుర్తించుకొనెడివారు. కాలాంతరమున నా గుర్తుల యర్థము మఱుఁగునఁ బడఁగా, జాఁ డెస్త్రే యను ఫ్రెంచి పండితుఁడు వేలకొలఁది వ్రాఁతప్రతులను దిరుగవేసి, 1935లోఁ బ్రకటించిన గ్రంథమున నీ యేర్పాటు స్వరూపమును బునర్నిర్మించెను. ఆ యంచుగుర్తు లెవరును గొట్టివేయకుండుటచేతనే యిది సాధ్యమయ్యెను.

తెలుఁగుదేశమున నిట్టి విద్యాపీఠశాసనము లేకపోయినను బ్రతి చేయుట యెడతెగక సాగినది. తాళపత్రమున కాయువు పరిమితము. పురుగు, తేమ, మంట యనునవి దానికి నిత్యశత్రువులు. కొన్ని తరముల కొకమాఱు తిరిగి వ్రాయింపనిచో గ్రంథమే నశించును. కావున మనకుఁ బ్రతిలేఖన మనునది గ్రంథమును బంచుకొను సాధనము మాత్రమే గాక గ్రంథమును బ్రదికించు సాధనమునై యుండెను. తాను జూచినట్లే వ్రాసితిననియు, దోషము తనయందు మోపవలదనియు లేఖకుఁడు ప్రత్యంతమున విన్నవించుకొను శ్లోకము పండితుల కెల్లఁ దెలిసినదే. పందొమ్మిదవ శతాబ్దమునఁ జార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో దన సొంత సొమ్ముతోఁ బండితులకును వ్రాయసకాండ్రకును జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకుఁ బలు తాళపత్రప్రతులను దెప్పించి, కాగితముమీఁద శుద్ధప్రతులను వ్రాయించి, పాఠాంతరములను గుర్తింపించెను. 1829లో నతఁడు ప్రకటించిన వేమన పద్యసంపుటమునకు మూల మట్టి ప్రతులే. ఆ వ్రాయసకాండ్రు చేసిన ప్రతులు పిమ్మట మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకుఁ జేరి, తరువాతి పరిష్కర్తల కాధారము లయ్యెను. తాళపత్రము నిచ్చిన గృహస్థుని యింట నది యిప్పుడు మిగిలియుండకపోవచ్చును, ప్రతి మిగిలినది.

అచ్చు వచ్చిన పిదపఁ బుస్తకము చౌకయయ్యెను గాని విద్యాపీఠ గ్రంథాలయములు చాలకాలము వ్రాఁతప్రతుల నాఁటి జాగరూకతను విడువలేదు. 1602లోఁ దెఱవఁబడిన ఆక్స్‌ఫర్డు బోడ్లియను గ్రంథాలయమునఁ బెద్దగ్రంథములు గొలుసులతో నరలకు బిగింపఁబడియుండెను. 1645లో మొదటి చార్లెసు రాజు గ్రంథమొకటి యెరవు గోరఁగా, గ్రంథాలయాధికారియగు జాన్ రౌస్ నిబంధన కాదని నిరాకరించెను. రాజు దాని కొప్పుకొనెను. బయటికిఁ బోని గ్రంథమునుండి పండితునకుఁ గావలసినది కలముతో వ్రాసికొనుటయే. దాని కెవరును మేర పెట్టలేదు. చేయి నొప్పి పుట్టుటయే మేర. 1710లో నింగ్లండున నమలులోనికి వచ్చిన యాన్ రాణి శాసనము గ్రంథకర్తకుఁ బదునాలుగేండ్ల స్వామ్యమును, అతఁడు జీవించియున్నచో మఱి పదునాలుగేండ్లను బ్రసాదించెను. తొమ్మిది గ్రంథాలయములకుఁ బ్రతుల నీయవలెననియు విధించెను. విద్యాభివృద్ధికై యని తన నామమునందే చెప్పుకొనిన యా శాసనము ముద్రాపకునకుఁ గళ్లెము వేసినదే కాని, గ్రంథాలయమునఁ గూర్చుండి వ్రాసికొను చదువరి జోలికిఁ బోలేదు.

చదువరి చేతిలోనికి యంత్రము వచ్చినది ఇరువదవ శతాబ్దమున. ఆ శతాబ్దారంభమునఁ బుట్టిన ఫోటోస్టాటు యంత్రములు గ్రంథాలయములలోఁ బ్రవేశించినంతనే ప్రకటనకర్తలు కలఁత చెందిరి. 1935లో నమెరికాదేశపు ప్రకటనకర్తల సంఘమునకును, పండిత పరిషత్తుల సంయుక్త సంఘమునకును నొక యొడంబడిక జరిగెను. దానికి శాసనబలము లేదు. పెద్దమనుష్యుల యొప్పందమని దానికిఁ బేరు. దాని సారాంశమేమనఁగా, పుస్తకము నెరవిచ్చుటకు బదులుగా గాని, చేతితో వ్రాసికొనుటకు బదులుగా గాని, గ్రంథాలయము లాభాపేక్ష లేక యొక పండితునకు గ్రంథభాగముయొక్క ఛాయాప్రతి నొకదానిని జేసి యీయవచ్చును. యంత్రమును జేతికిఁ బ్రతినిధిగా నెంచుట యిందలి యుపాయము. చేయి చేయఁదగినది యంత్రమును జేయవచ్చును.

మూఁడేండ్లకే యా ప్రతినిధి ప్రభువును మించిపోవుటకు బీజము పడెను. చెస్టరు కార్ల్‌సన్ అను పేద యువకుఁడు పగలు పేటెంటు వ్యవహారములు చూచు నుద్యోగి. రాత్రి ధర్మశాస్త్ర విద్యార్థి. గ్రంథములు కొన శక్తిలేక న్యూయార్కు గ్రంథాలయమునఁ గూర్చుండి పుటలకుఁ బుటలు చేతితో వ్రాసికొనెడివాఁడు. వ్రాఁత వలని శ్రమయే యతనిని బొడిరాఁతను గనిపెట్టునట్లు చేసెను. 1938 అక్టోబరు 22న ఆస్టోరియాలోని చిన్న గదిలో, నాఁటి తేదీని, ఆ యూరి పేరును గాజుపలకమీఁద వ్రాసి, విద్యుదావేశముతోను బొడితోను మైనపుఁ గాగితముమీఁదికి నెక్కించి తొలిప్రతిని సాధించెను. దానికిఁ బెట్టిన పేరు గ్రీకు పదములనుండి పుట్టినది. 'పొడి వ్రాఁత' యని దాని యర్థము. ఇరువదియొక్క సంవత్సరముల పిదప, 1959లో, 914 అను సంఖ్య పేరుగాఁ గల జెరాక్సు యంత్రము లోకమునకుఁ జూపఁబడెను. తొమ్మిదంగుళముల వెడల్పును బదునాలుగంగుళముల పొడవును గల కాగితమువఱకుఁ బ్రతి తీయఁగలుగుటచే దాని కా పేరు. తెలుఁగునాట నేఁడు ప్రతి తీయించుటకు 'జెరాక్సు తీయించుట' యనియే వాడుక. కంపెనీ పేరు క్రియ యైపోయినది.

ఆ యంత్రము గ్రంథాలయములలో నెంత పనిచేసెనో యొక వ్యాజ్యమునందు వెల్లడియయ్యెను. వైద్యపత్రికలను బ్రకటించు విలియమ్సు అండు విల్కిన్సు సంస్థ అమెరికా ప్రభుత్వపు వైద్యగ్రంథాలయములపై 1968లో దావా వేసెను. ఆ గ్రంథాలయములలో నొకటియైన జాతీయారోగ్యసంస్థల గ్రంథాలయము 1970వ సంవత్సరమొక్కదానిలోనే 85,744 అభ్యర్థనలకుఁ బత్రికావ్యాసముల ప్రతుల నిచ్చెనని విచారణలోఁ దేలెను. పుటలు రమారమి 9,30,000. ఆ గ్రంథాలయమునకుఁ దనదైన పుటల మేర గలదు. ఒక యభ్యర్థనకు నలువది యేఁబది పుటలకు మించి యీయరాదని సామాన్యనియమము; వ్యాసము దీర్ఘమైనచో గ్రంథాలయమునందలి యధికారి యొకరు చూచి యనుమతింపవచ్చును. 1973లోఁ గోర్టు ఆఫ్ క్లెయిమ్సు నలుగురు న్యాయమూర్తు లొకవైపు, మువ్వు రొకవైపుగాఁ జీలి, శాస్త్రపరిశోధనకై తీసిన ప్రతులు న్యాయ్యమైన వినియోగమే యని తీర్మానించెను. 1975లో సుప్రీముకోర్టున నలుగురు నలుగురుగాఁ జీలుటచే నా తీర్పే నిలిచెను. ఇంత సన్నని యాధిక్యముతో నిలిచిన న్యాయ మంత బలమైనదని చెప్పుటకు వీలులేదు. అయినను నిందలి విచారణపద్ధతి గమనింపఁదగినది. ప్రతి యెందులకు, ఎవరికి, ఎంత, ప్రకటనకర్తకు నష్టమేమి యని న్యాయమూర్తు లడిగిరి.

భారతదేశమున నీ ప్రశ్న మఱింత సూటిగా వచ్చెను. 1957 నాఁటి గ్రంథస్వామ్య శాసనము 52వ సెక్షనున, బోధనక్రమమున నుపాధ్యాయుఁడు గాని విద్యార్థి గాని గ్రంథమును బ్రతి చేసికొనుట స్వామ్యోల్లంఘనము గాదను మినహాయింపు గలదు. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండు ఫ్రాన్సిస్ అను మూఁడు ప్రకటనసంస్థలు, ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణములోని యొక జెరాక్సు దుకాణముమీఁదను, విశ్వవిద్యాలయముమీఁదను వ్యాజ్యము వేసెను. పాఠ్యప్రణాళికలో నిర్దేశింపఁబడిన ప్రకరణములను వేర్వేఱు గ్రంథములనుండి తీసి, ఒక్క సంపుటముగాఁ గుట్టి, పుటకింతయని తక్కువ వెలకు నా దుకాణము విద్యార్థుల కిచ్చుచుండెను. మధ్యయుగమునాఁటి పెకియా వర్తకునకు నీతఁడు దూరపుబంధువని చెప్పవచ్చును.

2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ వ్యాజ్యమును గొట్టివేసెను. తాను ధర్మశాస్త్రవిద్యార్థిగా నున్న దినములలో యంత్రముల సౌకర్యము పరిమితమై యుండుటచే, గ్రంథాలయమునఁ గూర్చుండి పుటలకొలఁది చేతితో వ్రాసికొనుట యుండెడిదని న్యాయమూర్తి తీర్పునందే స్మరించెను. చేతితో వ్రాసికొనుట నేరము గానప్పుడు యంత్రముతోఁ దీసికొనుట యెట్లు నేర మగును అనునది యందలి తర్కము. న్యూయార్కులోఁ గార్ల్‌సన్ పడిన శ్రమయే ఢిల్లీలో న్యాయహేతువై నిలిచినది. అదే సంవత్సరము డిసెంబరు 9న నిరువురు న్యాయమూర్తుల ధర్మాసన మప్పీలును విచారించి, బోధనప్రయోజనమునకు సమంజసమైనంతవఱకుఁ బ్రతి చేయవచ్చుననియు, పుటల సంఖ్యనుబట్టియో నూటి కిన్నియను లెక్కనుబట్టియో మేర కట్టుట శాసనోద్దేశము గాదనియుఁ దేల్చి, ఆయా ప్రకరణములు బోధనకు నవసరములా కావా యను వాస్తవవిషయ మొకదానిని దిరిగి విచారణకుఁ బంపెను. 2017 మార్చిలోఁ బ్రకటనసంస్థలు వ్యాజ్యమును విరమించుకొనెను.

లెక్కతోఁ గొలుచుట తేలిక యని తలంచువారు అమెరికాలోని జార్జియా రాష్ట్ర విశ్వవిద్యాలయముమీఁద నడచిన వ్యాజ్యమును జూడవచ్చును. 2008లో మొదలైన యా దావాలో, 2012లో క్రిందికోర్టు గ్రంథమున నూటికిఁ బది వంతులు, లేదా యొక ప్రకరణము అను కొలత నంగీకరించెను. 2014లోఁ బైకోర్టు అట్టి యంకెల గీఁత గీయుట తగదనియు, ఒక్కొక్క గ్రంథమును వేఱువేఱుగా విచారింపవలెననియు దానిని ద్రోసివేసెను. వ్యాజ్యము 2020 వఱకు సాగెను. విసుగు పుట్టించునంత దీర్ఘమైన విచారణయే. అయినను న్యాయస్థానము లంకెకు లొంగుట కిష్టపడలేదనుట స్పష్టము.

ఇఁక నీ-పుస్తకములకు వత్తము. 1998లోఁ గొలరాడో రాష్ట్రమున నెట్‌లైబ్రరీ యనియు, 1999లోఁ గాలిఫోర్నియాలో ఈబ్రరీ యనియు స్థాపింపఁబడిన సంస్థలు విశ్వవిద్యాలయములకు నీ-పుస్తకముల నమ్ముట కారంభించెను. నెట్‌లైబ్రరీలో నొక ప్రతి నొకఁడు చదువుచుండఁగా మఱియొకఁడు దానిని దెఱచుటకు వీలులేదు. అచ్చుపుస్తకమునకు సహజమైన యీ లోపమును, అట్టి లోప మెంతమాత్రమును లేని వస్తువునకుఁ గృత్రిమముగా నంటించుట యిందలి వింత. ఆ సంస్థలు తరువాతఁ జేతులు మాఱినవి. నెట్‌లైబ్రరీ 2010లో ఎబ్స్కో వశమయ్యెను. ఈబ్రరీ 2011లోఁ బ్రోక్వెస్టు వశమయ్యెను. పుటల లెక్క మాత్రము నిలిచినది.

ఆ లెక్క పనిచేయు విధము సరళమే. గ్రంథము మొత్తముగాఁ జదువరి యంత్రమునకుఁ జేరదు. విక్రేత కంప్యూటరునుండి యడిగిన పుట యడిగినప్పుడు తెరమీఁదికి వచ్చును. చదువరి తన పేరుతో లోపలికిఁ బ్రవేశించినవాఁడు కావున, ఎన్ని పుటలు ముద్రించెనో, ఎన్ని వాక్యముల నెత్తుకొనెనో విక్రేతయొద్ద లెక్క పెరుగుచుండును. మేర ముట్టినంతనే ముద్రించు మీఁట పనిచేయుట మానును. పూర్తి గ్రంథమును గొన్నినాళ్లకై దింపుకొననిచ్చు పద్ధతియుఁ గలదు. గడువు తీఱఁగానే యా ప్రతి తెఱచుకొనదు. ఈ కట్టుబాటు శాసనమునందుఁ గాక గ్రంథమునందే యిమిడియున్నది.

ఇట్టి లెక్క గ్రంథస్వామ్యమును గూడ లెక్కింపదని తొలినాళ్లలోనే తేటపడినది. అమెరికాలో ధర్మశాస్త్రాచార్యుఁడైన లారెన్సు లెస్సిగ్ 2004లోఁ బ్రకటించిన గ్రంథమున, ఆడోబి సంస్థవారి సాధనముతోఁ జదువు నీ-పుస్తకముల యనుమతులను బరిశీలించెను. జార్జి ఎలియట్ వ్రాసిన 'మిడిల్‌మార్చి' నవల 1871–72లో వెలువడినది. దానిపై నెవరికిని స్వామ్యము మిగిలి లేదు. అయినను బది దినముల కొకమాఱు పది భాగముల నెత్తుకొనవచ్చుననియు, పది పుటలు ముద్రించుకొనవచ్చుననియు దానికి నియమము. రెండువేల మూఁడువందల యేండ్లనాఁటి అరిస్టాటిల్ రాజనీతిగ్రంథము మాటయో? ఒక్క పుటయు ముద్రింపరాదు, ఒక్క పంక్తియు నెత్తుకొనరాదు. అరిస్టాటిల్ వారసు లెవరో యీ నిషేధమును గోరిరని యెవరును దలంపఁజాలరు.

ఇక్కడ మధ్యయుగపు వర్తకుని తిరిగి తలఁచుకొనక తప్పదు. ఈ-పుస్తకము ప్రకరణముగా, పుటగా, అద్దెకు వచ్చుచున్నది. పెకియాయు నట్లే వచ్చినది. కొలతయుఁ గొంచె మించుమించుగా సమానమే. పారిస్‌లో ముక్క యద్దెను విద్యాపీఠము నిర్ణయించెను, పాఠశుద్ధిని విద్యాపీఠము పరీక్షించెను, ప్రతి నిరాకరింపరాదని విద్యాపీఠము శాసించెను. ఇప్పుడు విక్రేత యొడంబడికను వ్రాయును. విశ్వవిద్యాలయము సంతకము చేయును. పెద్దమొత్తమునఁ గ్రమబద్ధముగా దింపుకొనుట నిషిద్ధమను వాక్య మట్టి యొడంబడికలలో సామాన్యము. మితిమీఱినదని యంత్రమునకుఁ దోఁచినచో నొకని తప్పునకు విశ్వవిద్యాలయమున కంతకును దలుపు మూయుటయుఁ గలదు. 1970లో నలువది పుటల నియమమును సడలించుట కొక యధికారి యుండెను. ఈ-పుస్తకపు మీఁటతో మొఱపెట్టుకొనుటకు వీలులేదు.

మీఁట యడుగని ప్రశ్న ప్రయోజనము. పరీక్షకుఁ జదువుకొను పేదవిద్యార్థియు, గ్రంథమును దొంగయచ్చు వేయఁబోవువాఁడును దాని కొక్కటియే. పైగా రెండవవాని కది యంతగా నడ్డము గాదు. అతఁడు వేఱు సాధనములతోఁ గట్టు తెంపుకొనును. మొదటివాఁడు మాత్రము చేతిఫోనుతోఁ దెరను బుటవెంటఁ బుటగా ఫోటో తీసికొని కన్నులు చెడఁగొట్టుకొనును. కలముతో వ్రాసికొనువాని శ్రమ యీ రూపమునఁ దిరిగి వచ్చినది. చూపులేని చదువరి యవస్థ మఱియు దుర్భరము. అక్షరముల నెత్తుకొననీయని గ్రంథమును బిగ్గరగాఁ జదివించుకొనుటయు నొక్కొక్కచో సాధ్యముగాదు.

ఇట్టి కట్టు లేనిచోఁ బ్రకటనవ్యాపారము నిలువదను వాదమునకు సమాధానము ప్రకటనలోకమునందే యున్నది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రాజెక్టు మ్యూజ్, జేస్టోర్ అనునవి 2012 నుండి విశ్వవిద్యాలయ ముద్రణాలయముల గ్రంథములను బ్రకరణములుగా విభజించి గ్రంథాలయములకు నిచ్చుచున్నవి. అందు బెక్కింటికి ముద్రణపు లెక్క లేదు. స్ప్రింగరు సంస్థయుఁ దన శాస్త్రగ్రంథముల నట్లే యిచ్చినది. ఆ సంస్థలు మూఁతపడలేదు. కావున పుటల మేర యనివార్యమైన ధర్మము గాదు, కొందఱు విక్రేత లేర్పఱచుకొన్న యలవాటు మాత్రమే.

భారతీయశాసన మీ విషయమునఁ గొంత మేలు. 2012లోఁ జేర్పఁబడిన 65ఏ సెక్షను, స్వామ్యరక్షణార్థమై యమర్చిన సాంకేతికపుఁ గట్టును స్వామ్యోల్లంఘనోద్దేశముతో ఛేదించువానికి రెండేండ్లవఱకుఁ గారాగారమును విధించుచున్నది. అయితే శాసనము స్పష్టముగా నిషేధింపని ప్రయోజనమునకై చేసిన పనికి నా దండన వర్తింపదని వెంటనే చెప్పుచున్నది. బోధనకై ప్రతి చేసికొనుట నిషిద్ధము గాదని 52వ సెక్షను చెప్పుచున్నది గదా. రెంటిని గలిపి చదివినచో విద్యార్థికి శాసనము దారి మూయలేదు. కాని హక్కు వేఱు, హక్కును వాడుకొను సాధనము వేఱు. తాళము తీయరాదని శాసనము చెప్పలేదు. తాళపుఁజెవి నిమ్మని విక్రేతను శాసింపనును లేదు. ఆంధ్ర, తెలంగాణములలోని డిగ్రీ కళాశాలలకు సయితము ఎన్-లిస్ట్ అను ప్రభుత్వపథకము ద్వారమున నీ-పుస్తకములు చేరుచున్నవి. అట్టి యొడంబడికలు వ్రాసికొనునప్పుడు 52వ సెక్షను హక్కు నొక వాక్యముగాఁ జేర్పించుట కష్టమైన పని గాదు. ఒడంబడిక పెద్దది యైనకొలఁదిఁ గొనువాని మాటకు బలము హెచ్చు.

ముద్రణపు సంగతి విద్యార్థి సౌకర్యముతో ముగియదు. కొన్న పుస్తకము గ్రంథాలయపు సొత్తు. అనుమతి పొందిన పుస్తకము విక్రేత యంత్రముననే యుండును. 2009 జులైలో అమెజాను సంస్థ, హక్కుల వివాదము కారణముగా, జార్జి ఆర్వెల్ నవలలను గొనినవారి పఠనయంత్రములనుండియే తుడిచివేసినది. సొమ్ము తిరిగి యిచ్చినది. అచ్చుపుస్తకము నింటికి వచ్చి యెత్తుకొనిపోవుట కే వర్తకునకును సాధ్యము గాదు. విశ్వవిద్యాలయము చందా మానినను, విక్రేత సంస్థ చేతులు మాఱినను, ప్రకటనకర్త తన గ్రంథమును వెనుకకుఁ దీసికొన్నను, నిన్న నున్న గ్రంథము నేఁడు కనఁబడకపోవచ్చును. బ్రౌనునకు దాళపత్రము నెరవిచ్చినవారు ప్రతి యెత్తుకొనవలదని యుండినచో మనకు మిగులు సారస్వత మెంతయో యూహింపవలసినదే.

తెలుఁగువారి కీ విషయ మనుభవమునకు వచ్చియే యున్నది. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునఁ గంప్యూటరు శాస్త్రాచార్యుఁడైన రాజ్ రెడ్డి మొదలగువారి పూనికతోఁ బది లక్షల గ్రంథముల పథకము సాగెను. 2007 నాఁటికి లోకమున వివిధ కేంద్రములయందుఁ బదునైదు లక్షలకుఁ బైగా గ్రంథములు స్కాను చేయఁబడినవి. దాని భారతీయశాఖయైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ ముఖ్యకేంద్రములలో నొకటి. పలు గ్రంథాలయములనుండి తెలుఁగు గ్రంథములును బత్రికలును వేలకొలఁది యందుఁ జేరినవి. గ్రంథము పుటకొక చిత్రముగా నుండెడిది. ఒక్కొక్క పుటను దెఱచి చూడవలసివచ్చెడిది. ఆ పద్ధతిచే విసిగిన యౌత్సాహికులు పుటలన్నింటిని వరుసగా దింపి యొక్క గ్రంథముగాఁ గూర్చు చిన్న సాధనములను దామే వ్రాసికొని, యిష్టమైన గ్రంథములను దెచ్చుకొని దాఁచుకొనిరి. మఱికొందఱు లక్షలకొలఁది గ్రంథములను అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవునకుఁ జేర్చిరి. 2017లోఁ గొన్ని గ్రంథముల స్వామ్యవిషయమైన యాక్షేపణములు కారణముగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తలుపులు మూసికొనెను. ఆ కొన్నింటితోఁబాటు స్వామ్యకాల మెన్నఁడో తీఱిన గ్రంథములును మూఁతపడెను. పూర్వపుఁ బత్రికల సంచికలను, తొలి ముద్రణములను వెదకు తెలుఁగు పరిశోధకునకు నేఁడు ఇంటర్నెట్ ఆర్కైవున దొరకు పుటలలోఁ బెక్కులు మూఁతకు ముందు ప్రతి చేసికొనఁబడినవే. వాని యంచులను స్కాను చేసిన గ్రంథాలయముల ముద్రలును, పూర్వపు చదువరులు పెట్టిన పెన్సిలు గుర్తులును నట్లే యున్నవి.